నోటి లెక్క, పలక లెక్క

ఉగాది దగ్గరపడితే కోసిగి మండలంలో బళ్లు మళ్లీ నిండడం మొదలవుతుంది. వానను నమ్ముకున్న పత్తి చేలు అయిపోగానే ఇక్కడి కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లేవాళ్లే ఎక్కువ. కొందరు పిల్లలు సీజనల్ హాస్టల్లో ఉంటారు, చాలామంది అమ్మానాన్నల వెంట బండెక్కుతారు. తిరిగొచ్చేసరికి లెక్కల పుస్తకం ఎన్నో పాఠాలు ముందుకు పోయి ఉంటుంది. ‘వీళ్లకు లెక్కలు రావు’ అనే మాట అప్పుడే పుడుతుంది. ఆ మాటతోనే నాకు పేచీ.

సుగ్గి నుంచి వచ్చిన ఒక నాలుగో తరగతి పాపకు పలక మీద 52లోంచి 37 తీసెయ్యమని వేసిచ్చాను. కింద 25 అని రాసింది. పెద్ద అంకెలోంచి చిన్నది తియ్యాలని ఆమెకు తెలుసు. అందుకే ఏడులోంచి రెండు తీసి అయిదు వేసింది, అయిదులోంచి మూడు తీసి రెండు వేసింది. పలక పక్కన పెట్టించి, ‘యాభై రెండు రూపాయలు తీసుకుని అంగడికి పోయినావు. ముప్పై ఏడు రూపాయల సరుకు కొన్నావు. ఎంత మిగిలింది పాపా?’ అన్నాను. క్షణం ఆలోచించి ‘పదైదు సార్’ అంది. ఎట్లా వచ్చిందంటే, ‘ముప్పై ఏడుకు మూడేస్తే నలభై. ఆడ్నుంచి యాభై రెండుకు పన్నెండు. పన్నెండూ మూడూ పదైదు’ అని గడగడా చెప్పింది. మరి పలక మీద 25 ఉందే, ఏది కరెక్టు అని అడిగితే, ‘అది పలక లెక్క సార్, ఇది అంగడి లెక్క’ అంది. రెండు జవాబులూ కలవాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

ఇది ఒక్క కోసిగి సంగతి కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరుల అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను వాళ్లు పరీక్షించారు. బేరం దగ్గర చిక్కు లెక్కలను నోటితోనే తేల్చేసిన పిల్లలు, అంతకంటే తేలికైన లెక్కను బడి పద్ధతిలో ఇస్తే చేయలేకపోయారు. ఎప్పుడూ అమ్మకం చేయని బడిపిల్లల సంగతి దీనికి తలకిందులు. కాగితం మీద వాళ్లు కాస్త మెరుగు. మార్కెట్ లెక్క ఒకటిస్తే సరిగ్గా చెప్పినవాళ్లు నూటికి ఒక్కరే. అదే లెక్కను పనిచేసే పిల్లల్లో మూడో వంతు మందికి పైగా చేశారు. అంటే లోపం ఒకవైపే లేదు. దేశవ్యాప్తంగా గ్రామాల్లో జరిగే అసర్ సర్వే 2024లో చూస్తే, ఇలాంటి రెండంకెల తీసివేత చేయగలిగిన మూడో తరగతి పిల్లలు 33.7 శాతమే.

ఆ పాప ముందు చీపురు పుల్లలు పెట్టాను. పదేసి పుల్లలకు ఒక రబ్బరు వేసి అయిదు కట్టలు, విడిగా రెండు. ‘ముప్పై ఏడు నాకియ్యి’ అన్నాను. మూడు కట్టలిచ్చింది. ఇంకా ఏడు పుల్లలివ్వాలి, విడిగా ఉన్నవి రెండే. ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. కాసేపు నా మొహం చూసి, ఒక కట్ట రబ్బరు లాగేసింది. పన్నెండు పుల్లల్లోంచి ఏడు ఎంచి ఇచ్చింది. మిగిలింది ఒక కట్ట, అయిదు పుల్లలు. అప్పుడు పలక అందుకుని, అయిదు కొట్టేసి నాలుగు వెయ్యడం, రెండును పన్నెండు చెయ్యడం చూపించాను. తను చేతులతో చేసిన పనినే పలక మీద రాస్తున్నామని ఆమెకు తెలిసింది. తర్వాత 25ను తనే చెరిపేసింది.

ఎక్కాలకూ ఇదే వర్తిస్తుంది. బట్టీ వద్దనేవాళ్ల జట్టులో నేను లేను. ఏడెనిమిదులు ఎంతంటే యాభై ఆరు అని నోటికి రావాల్సిందే. కానీ ఏడో ఎక్కం మొదటి నుంచి చదివితే తప్ప అక్కడికి చేరలేని పిల్లకు ఆ ఎక్కం పాటగా వచ్చినట్టే, లెక్కగా కాదు. ఏడేళ్లు నలభై తొమ్మిది అని తెలిస్తే, దానికి ఇంకో ఏడు కలుపుకోవచ్చని తోచాలి.

నోటి లెక్క అంత బాగున్నప్పుడు పలకతో పనేముందని ఒక తండ్రి నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. ఒకరోజు కోసిన కాయకు కూలి ఎంతో ఆయన నోటితో చెప్పగలడు. కానీ రోజుకో బరువు, మధ్యలో తీసుకున్న అడ్వాన్సు, పని లేని రోజులు అన్నీ కలిసి సీజను చివర ఒకే మొత్తంగా వస్తాయి. ఆ లెక్కంతా కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీ నోటుబుక్కులో ఉంటుంది. అన్ని వారాల అంకెలు ఎవరి తలలోనూ నిలవవు. ఆ పేజీ చదివి, కూడి, తీసి చూడగల మనిషి ఇంట్లో ఒకరుంటే ఆ ఇంటి బలమే వేరు.

మధ్యలో బడికి దూరమైన పిల్లలకు పనికొచ్చే దారి ఒకటి రాయలసీమలోనే వేశారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లు మెట్లుగా అమర్చారు. ఊరెళ్లి వచ్చిన పిల్ల తరగతి ఎక్కడుందో అక్కడికి దూకక్కర్లేదు, తను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. కార్డుల పెట్టె లేని బడిలోనూ ఆ పని చెయ్యొచ్చు. ఈ పిల్ల ఎక్కడ ఆగిందని మొదటి రోజే కూర్చుని కనుక్కుంటే చాలు.

ఏప్రిల్ ఆఖర్లో వేసవి సెలవులొస్తాయి. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలకు మిగిలేవి కొన్ని వారాలే. ఆ కాస్త సమయంలో పుస్తకం పూర్తి చేయించాలని పరిగెత్తను. రోజూ ఒక లెక్క నోటితో ఒకసారి, పలక మీద ఒకసారి చేయిస్తాను. రెండు జవాబులూ కలవకపోతే తప్పెక్కడుందో వాళ్లే వెతకాలి. ఆ అలవాటు పడ్డ పిల్లలు సారు రైటు కొట్టేదాకా ఆగరు. రేపు మేస్త్రీ చెప్పిన మొత్తాన్ని విని ఊరుకోరు.