శిశువుల ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష: కొలతకూ చికిత్సకూ నడుమ

కీలక పదాలు: శిశు శ్వాస, స్పైరోమెట్రీ, డొక్కలెగరేయడం, కోయిలకుంట్ల, వైద్య తెలుగు.

'ఊపిరితిత్తి' అన్న మాటలోనే దాని పని తెలుస్తుంది. కొలిమి తిత్తి వలె అది గాలిని నింపుకొని వదులుతుంది. ఆ పని సాగే తీరును కొలిచే పరీక్షల్లో ప్రధానమైనది స్పైరోమెట్రీ. నిండుగా పీల్చి ఒక్కసారిగా ఊదమంటే విని చేయగల వయసు దీనికి అవసరం. సాధారణంగా ఐదారేళ్లకు గాని అది సాధ్యపడదు.

పాలు తాగే బిడ్డకు పద్ధతి వేరు. మత్తుమందుతో నిద్రపుచ్చి, ముఖానికి మాస్కు అమర్చి, ఛాతీ చుట్టూ తొడిగిన గాలిచొక్కాను చప్పున ఉబ్బించి, బయటికి వచ్చే గాలి వేగాన్ని నమోదు చేస్తారు. సహజ నిద్రలోని మామూలు శ్వాసను కొలిచే విధానాలూ ఉన్నాయి. నెలలు నిండక పుట్టిన శిశువుల దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి, సిస్టిక్ ఫైబ్రోసిస్, పదేపదే వచ్చే పిల్లికూతలు ఎలా మొదలై ఎలా సాగుతాయో తెలుసుకోవడానికి ఈ కొలతలు పరిశోధకులకు తోడ్పడ్డాయి.

అయితే పరిశోధనకు ఉపయోగపడినదల్లా చికిత్సకూ ఉపయోగపడుతుందనడం తర్కదోషం. ఆరోగ్యవంతులైన శిశువుల కొలతలూ రోగుల కొలతలూ చాలావరకు ఒకదానిపై ఒకటి పడతాయి. యంత్రం మారితే ప్రమాణ విలువలూ మారతాయి. పైగా మత్తుమందు భయం ఉండనే ఉంది. నిత్య చికిత్సలో ఈ పరీక్షల వల్ల ఫలితాలు మెరుగవుతాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2013 నాటి నివేదిక గుర్తించింది.

కోయిలకుంట్ల వంటి చోట ప్రశ్న మరింత సూటిగా ఉంటుంది. "బిడ్డ డొక్కలెగరేస్తాంది" అని తల్లి చెప్పే మాట వట్టి భయం కాదు, అది ఒక వైద్య పరిశీలన. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోనికి పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ముఖ్య లక్షణంగా పరిగణిస్తాయి. రెండు నెలలలోపు శిశువు నిమిషానికి 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు బిడ్డ 50 లేదా అంతకు మించి శ్వాసలు తీస్తే అది వేగశ్వాస. దీనికి గడియారం, నిండు నిమిషం ఓపిక చాలు. ఈ పలుకుబడిని తీసివేసి 'శ్వాసకోశ ఇబ్బంది' అని రాసే ఆరోగ్య వ్యాసాలు భాషకు మర్యాద చేకూర్చినట్లు కనిపించినా, సమాచారాన్ని పోగొడుతున్నాయి.

అందువల్ల పరీక్ష నిరర్థకమని కాదు. పెద్దాసుపత్రులలో, నిర్దిష్టమైన ప్రశ్నకు అది సమాధానం కాగలదు. ఫలితం వచ్చాక ఈ బిడ్డ చికిత్స మారుతుందా అన్నదే గీటురాయి. మారదనుకుంటే, ఆ అంకె తల్లిదండ్రులకు ఖర్చునూ కలతనూ మిగులుస్తుంది. వైద్య తెలుగు ఈ తేడాను స్పష్టంగా చెప్పగలిగిననాడే అది జనానికి అక్కరకొస్తుంది.