కమాను పట్టీలో దాగిన గొడ్డలి

మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి రామసముద్రం చేరి ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక గట్టు తగులుతుంది. వానను నమ్ముకున్న ఈ మెట్టసీమలో గొడ్డలి లేని రైతు ఇల్లు అరుదు. పొయ్యిలోకి కట్టెలు చీల్చడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. టమాటా తోటలో నాటే ఊతకట్టెలకు మొన చెక్కేది అదే. ఎండాకాలం మేకలకు కొమ్మ కొట్టేది అదే. గెనిమ మీది కానుగను పచ్చిరొట్టకు నరకాలన్నా, చింతచెట్టు మీద ఎండిన కొమ్మ దించాలన్నా చెయ్యి దానివైపే పోతుంది.

ఈ గొడ్డళ్లలో చాలావాటి ఇనుము ఒకప్పుడు లారీ కింద బరువు మోసినదే. విరిగిన కమాను పట్టీ పాత ఇనుము అంగడికి చేరి, అక్కడ తూకానికి అమ్ముడై, కొలిమికో వెల్డింగ్ షాపుకో వస్తుంది. కొలిమిలో ఐతే ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో సాగగొడతారు. వెల్డింగ్ షాపులో నిప్పు పని లేదు. పట్టీ మీద గీత గీసి, కోసి, గ్రైండింగ్ మిషన్‌తో అరగదీసి ఆకారం తెస్తారు. ఈ రెండో పద్ధతిని చాలామంది చిన్నచూపు చూస్తారు. సమ్మెట దెబ్బ తినని గొడ్డలి కూడా ఒక గొడ్డలేనా అంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. అరగదీత చేతకానివాడి అడ్డదారి అనుకోవడానికి కారణం, ఆ పని ఉక్కు సంగతి తెలియని చేతుల్లో పడి చెడిపోవడమే. తెలిసిన చేతిలో అది కొలిమి పనికి ఏమాత్రం తీసిపోదు.

వయసులో ఐతే కొలిమి కన్నా అరగదీతే పెద్దది. మన నేల మీద ఇనుము పుట్టకముందే గొడ్డలి పుట్టింది, రాయిని రాయి మీద రుద్దితే పుట్టింది. కుప్పం దాటి తిరుపత్తూరు వైపు పోతే వచ్చే పయ్యంపల్లిలో 1960ల్లో భారత పురావస్తు శాఖ తవ్వితే నవీన శిలాయుగపు నున్నటి రాతిగొడ్డళ్లు బయటపడ్డాయి. బళ్లారి దగ్గర సంగనకల్లు కొండల్లో డోలరైట్ రాతితో గొడ్డళ్లు చేసే కార్ఖానాలాంటి చోటే ఉండేది. ముందు పెచ్చులు లేపి ముతక ఆకారం తెచ్చేవాళ్లు. తర్వాత చిన్నచిన్న దెబ్బలతో పొడిచి ఎగుడుదిగుళ్లు తీసేవాళ్లు. చివరికి బండ మీద రుద్ది అంచు తీసేవాళ్లు. ఆ రాపిడికి పడిన గాడులు అక్కడి బండల మీద నేటికీ ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దక్షిణాదిలో తిరిగి ఇలాంటి పనిముట్లను పెద్ద ఎత్తున పోగుచేస్తే, ఆ సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది.

రాతిని రుద్దినవాడికి వేడి భయం లేదు. ఉక్కును అరగదీసేవాడికి అసలు భయమంతా వేడితోనే. అది అర్థం కావాలంటే కమాను పట్టీ లోపల ఏముందో చూడాలి.

ఇది సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు ఉక్కు. మన దేశంలో ఈఎన్45 అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది. నూటికి అర పాలు నుంచి 0.65 పాలు దాకా కార్బన్ ఉంటుంది. ఇంటి కప్పుకు వాడే కడ్డీలో అది పావు పాలుకు అటూ ఇటూ. ఉక్కు గట్టిపడేది ఈ కార్బన్ వల్లే. ఫ్యాక్టరీలో పట్టీని 850 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి నూనెలో ముంచుతారు. అప్పుడది గట్టిపడుతుంది గానీ గాజులా పెళుసుబారుతుంది. మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల మధ్య నిదానంగా కాస్తే ఆ పెళుసుతనం పోయి, ఒంగినా విరగని గుణం వస్తుంది. అంటే గుజిరీలో తూకానికి దొరికే ఆ తుక్కుముక్క లోపల చాలా ఖర్చు పెట్టి చేసిన పదును పని అప్పటికే ఉంది. కొలిమిలో పెడితే ఆ పదునంతా పోతుంది, కమ్మరి దాన్ని మళ్లీ తన చేత్తో తేవాలి. అరగదీస్తే ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. అరగదీత పద్ధతికి ఉన్న గొప్ప బలం ఇదే. చాలామంది వెల్డింగ్ షాపుల్లో తెలియక పోగొట్టుకుంటున్నదీ ఇదే.

రాక్‌వెల్ కొలతలో కమాను పట్టీ గట్టితనం 42 నుంచి 48 దాకా ఉంటుంది. మంచి కంపెనీ గొడ్డలి అంచు 50 దాటి ఉంటుంది. కాబట్టి పట్టీని అరగదీసి చేసిన గొడ్డలి కాస్త తొందరగా మొద్దుబారుతుంది. కానీ చింతమాను బుడిపె మీద పడినా, మట్టిలో రాయికి తగిలినా దాని అంచు ఊడిరాదు. సానరాయి మీద నాలుగు సార్లు రుద్దితే మళ్లీ పనికొస్తుంది. మా వైపు రైతుకు ఈ గొడ్డలి చాలు అన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు వేడి సంగతి. ఉక్కును అరగదీస్తుంటే పైన రంగులు తేలతాయి. 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 250 దాటాక గోధుమ, 280 దగ్గర ఊదా, 300 అయ్యేసరికి నీలం. పాత ఆకురాయిని గొడ్డలిగానో ఉలిగానో మలిచేవాడు నీలం కనబడిందంటే అక్కడికి ఆ అంచు చచ్చిందనుకోవాలి. ఆకురాయిలో కార్బన్ ఎక్కువ, దాన్ని కాచింది తక్కువ వేడిలో. ఆ వేడి మించితే మెత్తబడిపోతుంది. కమాను పట్టీ అప్పటికే 400 డిగ్రీలు దాటి కాగినది కాబట్టి నీలం పూత ఒక్కటే దాన్ని పాడుచెయ్యదు. అలాగని ధీమా వద్దు. అంచు సన్నబడే కొద్దీ వేడి పోయే దారి ఉండదు, చూస్తుండగానే ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే ఫ్యాక్టరీ పదును అక్కడ పోయినట్టే. ఎర్రటి అంచును గాబరాగా నీళ్లలో ముంచడం ఇంకా పెద్ద తప్పు. ఆ సన్నటి అంచు పెళుసుబారి, కంటికి కనిపించని చీలికలు పడి, మొదటి చింతకట్టె మీదే పెచ్చు లేస్తుంది. పక్కన బక్కెట్లో నీళ్లు పెట్టుకుని, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకముందే ముంచుతూ పోవాలి. చేతికి గ్లౌజు లేకుండా పట్టీని పట్టుకుని అరగదీసే పాత మేస్త్రీలు చేసేది ఇదే, వాళ్ల వేళ్లే వాళ్లకు థర్మామీటరు.

పట్టీ ఎంచుకోవడంలో కూడా తెలివి కావాలి. కమాను విరిగేది వేలసార్లు ఒంగి లేచిన అలసటతో. విరిగిన చోటికి పక్కనే ఇంకొన్ని సన్న చీలికలు దాక్కుని ఉండవచ్చు. తుప్పు రుద్ది తీసి, కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లితే చీలిక ఉన్నచోట నూనె ఊరి గీతలా తేలుతుంది. అలాంటి ముక్క తీసుకోకూడదు. అది కార్బన్ ఉన్న ఉక్కా, వట్టి ఇనుమా అన్నది నిప్పురవ్వలు చెబుతాయి. మెత్తటి ఇనుము నుంచి పొడుగాటి గీతల్లా పోతాయి, కార్బన్ ఎక్కువున్న ఉక్కు నుంచి కొసన చిట్లి పూలు పూస్తాయి. రైలు పట్టా ముక్క కూడా మంచి ఉక్కే, కానీ దాని జోలికి పోవద్దు. అక్రమంగా వచ్చిన రైల్వే ఇనుము దగ్గరుంటే 1966 నాటి చట్టం కింద నేరం.

లారీ పట్టీ వెడల్పు 70 నుంచి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, గొడ్డలి నోటికి సరిపోతుంది. ముందు అట్టముక్క మీద ఆకారం గీసుకుని పట్టీ మీద పెట్టాలి. కటింగ్ వీలుతో కోసేటప్పుడు గీతకు రెండు మిల్లీమీటర్లు బయటే కొయ్యాలి, ఎందుకంటే కోతలో కాలిన అంచు మిగలకూడదు. ఆ కాలిన భాగాన్ని నిదానంగా అరగదీసి పారెయ్యాలి. తర్వాత రెండు వైపులా సమంగా వాలు తియ్యాలి. కానుగ, వేప కొమ్మలకైతే రెండు వాలులూ కలిసే కోణం 25 డిగ్రీలు చాలు. చింత, తుమ్మ నరికే గొడ్డలికి 30 దాకా ఉంచి, చెంపలు కొద్దిగా ఉబ్బుగా వదలాలి. బల్లపరుపు చెంపలైతే కట్టెలో ఇరుక్కుని ఊడిరావు. అంచు మందం ఒక మిల్లీమీటరుకు వచ్చాక మిషన్ ఆపి, మిగతాది ఆకురాయితో, చివర సానరాయితో చెయ్యడం మంచిది. ఇక్కడ తొందరపడినవాడి పనంతా చెడుతుంది.

నిమిషానికి పదివేల సార్లకు పైగా తిరిగే చక్రం పగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కంటికి అద్దాలు, మిషన్‌కు గార్డు తప్పనిసరి. చక్రం వేగాన్ని తగ్గించే మార్గం లేని చిన్న మిషన్‌కు పెద్ద చక్రం తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అరగదీత గొడ్డలికి అసలు చిక్కు కామ దగ్గర వస్తుంది. కమ్మరి ఐతే ఎర్రటి ఇనుమును మడిచి కామ దూరే చిల్లి తెస్తాడు. బల్లపరుపు పట్టీకి చిల్లి ఎక్కడిది? వెల్డింగ్ షాపులో గొట్టం ముక్క అతికిస్తారు. స్ప్రింగు ఉక్కు మీద చల్లగా ఉండగానే వెల్డింగ్ పెడితే అతుకు పక్కన పగులుతుంది. ముందు ఆ చోటును వెచ్చజేసి, అతికాక బూడిదలో పెట్టి నిదానంగా చల్లారనివ్వాలి. ఆ వేడి అంచుదాకా పోకుండా అంచుకు తడిగుడ్డ చుట్టి ఉంచాలి. ఇంకో దారి, గొడ్డలి వెనకభాగాన్ని సన్నబరిచి, లావాటి కామకు తొలిచిన రంధ్రంలోకి బిగించడం. దెబ్బ పడే కొద్దీ లోపలికి బిగుస్తుంది, కాకపోతే కామ చీలే భయం ఉంది. రోకలికి పొన్ను వేసినట్టు రంధ్రానికి పైనా కిందా ఇనుప కట్లు వేస్తే ఆ భయం తగ్గుతుంది. దక్షిణాది మెగాలిథిక్ సమాధుల్లో దొరికిన చిల్లి లేని ఇనుప గొడ్డళ్లు కొన్నింటికి అడ్డంగా పెనవేసిన ఇనుప పట్టీలు ఉన్నాయి. బల్లపరుపు గొడ్డలిని కామకు కట్టే చిక్కును మనవాళ్లు క్రీస్తుకు ముందే విప్పారు.

కామకు చిరుమాను దొరికితే అంతకన్నా మంచిది లేదు, లేకుంటే తుమ్మ. నార నిలువుగా సాగిన కట్టెను నీడలో ఆరబెట్టి వాడాలి.

ఇంకా గట్టి అంచు కావాలనేవాళ్లకు మళ్లీ కొలిమే దిక్కు. అంచును మాత్రం కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడి దాకా, అంటే 770 డిగ్రీలు దాటనిచ్చి, నూనెలో ముంచాలి. నీళ్లు వద్దు, ఈ ఉక్కు నీళ్లకు పగులుతుంది. తర్వాత అంచు మెరిసేదాకా రుద్ది, మళ్లీ నిదానంగా కాస్తూ గడ్డి రంగు దాటి గోధుమ తిరిగేటప్పుడు ఆపాలి. ఆ రంగు గుర్తుపట్టే కన్ను ఏళ్ల తరబడి కొలిమి ముందు కూర్చుంటేనే వస్తుంది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. ఆ పని చూసి హెన్రీ వాయిసీ అనే ఆయన రాసిన వర్ణన 1832లో అచ్చయింది. అంతటి విద్య ఉన్న జాతి మనది. ఆ విద్యలో మిగిలిన ముక్క ఏదైనా ఉందంటే అది ఊరి ఆచారి కంటిలో ఉంది.

కమ్మరికి ఆయం గింజలు కొలిచే రోజులు పోయాయి. కొడవలికి కక్కు కొట్టించుకునేవాళ్లూ తగ్గారు. ఇంకోపక్క ప్రతి సెంటర్లో గ్రైండర్ పట్టిన కుర్రవాడు ఉన్నాడు. అతనికి చెయ్యి ఆడుతుంది గానీ ఉక్కు రంగులు చెప్పినవాళ్లు లేరు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఒకటి, సుత్తులూ పనిముట్ల తయారీ ఇంకొకటి. శిక్షణతో పాటు పనిముట్లకు 15 వేల రూపాయల దాకా ఇస్తారు, పూచీకత్తు లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు దొరుకుతుంది. మీ ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే, పక్క వీధిలోని ఆ వెల్డింగ్ కుర్రవాణ్ణి ఒకసారి ఆచారి దగ్గర కూర్చోబెట్టండి. వచ్చే పంటకు గొడ్డలి కావాలంటే వాళ్లిద్దరితోనే చేయించుకోండి.