ఒక్క గడి తొందర

చదరంగం టోర్నీ హాల్లో జనమంతా మొదటి బోర్డుల దగ్గర మూగుతారు. నాకు చివరి బోర్డులంటే ఇష్టం. ఉద్యోగాలు, పరీక్షల మధ్య వీలు చూసుకుని వచ్చిన మామూలు ఆటగాళ్లు అక్కడ ప్రాణం పెట్టి ఆడతారు.

మొన్న అక్కడే ఓ బ్యాంకు ఉద్యోగి, ఇంటర్ చదివే అమ్మాయి తలపడ్డారు. చెరో గంటన్నర, ఎత్తుకు 30 సెకన్లు అదనం. ఇటాలియన్ ఓపెనింగ్ ఇద్దరికీ కంఠతా వచ్చు, చకచకా ఆడేశారు. తర్వాత మంత్రులు, ఏనుగులు, గుర్రాలు ఒక్కొక్కటే మార్చుకున్నారు. మూడు గంటలు దాటేసరికి బోర్డు మీద రెండు రాజులు, ఒక్క తెల్ల బంటు మిగిలాయి.

తెల్లరాజు డీ4లో, బంటు ఈ3లో, నల్లరాజు ఈ7లో. ఎత్తు తెల్లవారిది. ఆయన బంటును ఈ4కి తోశారు. గెలుపు అక్కడే చేజారింది. అమ్మాయి వెంటనే రాజును డీ6లో, తెల్లరాజుకు సరిగ్గా ఎదురుగా నిలిపింది. మధ్యలో ఒక్క గడి ఖాళీ. ఇలా నిలపడాన్నే ఆపోజిషన్ అంటారు. ఎత్తు వేయాల్సినవాడే దారి వదలాలి. బంటు ఈ6 దాకా వచ్చినప్పుడు ఆమె రాజును పక్కకి కాక తిన్నగా వెనక్కి, ఈ8కి లాగింది. పక్కకి జరిగి ఉంటే ఓటమే. చివరికి స్టేల్‌మేట్, చెరి అర పాయింటు.

బయట బెంచీ మీద మళ్లీ అదే పొజిషన్ పేర్చారు. "రాజును ముందు నడిపి ఉంటేనో, అమ్మా?" అన్నారాయన. "ఈ5కి వస్తే నేనే తప్పుకోవాలి అంకుల్, మీరు గెలిచేవారు" అంది. కంప్యూటర్ని అడిగే ముందు ఓడించబోయినవాడితో కూర్చుని మాట్లాడుకోవడం, నా దృష్టిలో, ఏ కోచింగుకీ తీసిపోదు.

గుడివాడ హంపి, వరంగల్ అర్జున్ ఎరిగైసిల పేర్లు విని పిల్లల్ని చదరంగంలో చేర్చే తల్లిదండ్రులు మొదట ఓపెనింగులు బట్టీ పట్టిస్తారు. ఇది తలకిందుల చదువు. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా 1921లో అచ్చయిన తన 'చెస్ ఫండమెంటల్స్'ను తేలిక చెక్‌మేట్లతో మొదలుపెట్టి, వెంటనే బంటు ఆటల్లోకి వెళ్లాడు. కొన్ని పావులే ఉన్నప్పుడు ఒక్కో గడి విలువ కళ్లకు కడుతుంది.

ఈ ఆదివారం పై పొజిషన్ పేర్చి మీ పిల్లలతో ఆడండి. ఒకసారి తెల్లరాజు వాళ్లకివ్వండి, ఇంకోసారి నల్లరాజు.