‘మంట’ తగ్గించే కూరలు: ఆరోగ్యవ్యాసాల పరిభాష – పరిశీలన

ఆవ కుటుంబానికి చెందిన క్యాబేజీ, ముల్లంగి, బ్రకోలీ ‘మంటను తగ్గిస్తాయి’ అని తెలుగు ఆరోగ్యవ్యాసాలు తరచు పేర్కొంటాయి. ‘మంట’ అనగానే పాఠకునికి స్ఫురించేది కడుపుమంట. ఉద్దేశించినదేమో దేహరక్షణ వ్యవస్థ ప్రతిస్పందన. దీనికి వైద్యపరిభాషలోని ‘శోథ’ తగిన పదం.

లోపం పదంతో ఆగలేదు. బ్రకోలీలో సల్ఫోరాఫేన్ సిద్ధంగా ఉండదు. కోసినప్పుడు, నమిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము గ్లూకోరాఫనిన్‌పై పనిచేయగా ఏర్పడుతుంది. ఆవపిండి తడిస్తే ఘాటెక్కడమూ ఈ ఎంజైము పనే. ఎక్కువగా ఉడికిస్తే అది నశిస్తుంది. వ్యాసాలు ఈ వంటింటి షరతును విస్మరిస్తున్నాయి. పైగా సల్ఫోరాఫేన్ శోథను అణచుతుందనే ఆధారాలు ప్రధానంగా కణ, జంతు ప్రయోగాలవి; మనుషులపై ఫలితాలు పరిమితం.

కనుక ‘తగ్గిస్తాయి’ అనే నిశ్చయార్థక క్రియ కంటె ‘తగ్గించవచ్చు’ అనే సంభావనార్థకమే శాస్త్రసమ్మతం. రోగి మందు మాని కూరను నమ్ముకొనే ప్రమాదం ఆ ఒక్క క్రియలో ఉంది.