ఎనిమిది చుక్కల తేడా

33, 130, 298, 526, 824, 1192, 1620, 2104.

వీటిని ఒక్కసారి పైకి చదవండి, నెమ్మదిగా. ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలో గెలీలియో చేతిరాత కాగితాల కట్ట ఒకటుంది. అందులో 107వ కాగితం వెనకవైపున నిలువుగా దిగిన వరస ఇది. దేని కొలతలో చెప్పే వాక్యం పక్కన లేదు. ఏవో కూడికలూ గుణకారాలూ అనుకుని మూడు శతాబ్దాలకు పైగా దాన్ని పక్కన పెట్టేశారు. 1970లలో స్టిల్‌మన్ డ్రేక్ అనే టొరంటో ఆచార్యుడి కన్ను దాని మీద పడి, ఆగింది.

డ్రేక్ చదివిన తీరులో ఇవి ఒక గుండు దొర్లిన దూరాలు. కొద్దిగా వాల్చిన చెక్కబల్ల, మధ్యలో గాడి, ఆ గాడిలో గుండు. సమానమైన ఎనిమిది కాలఖండాలు గడిచేసరికి అది ఎక్కడెక్కడ ఉందో ఈ వరస చెబుతుంది. కొలమానం పుంటో, అంటే చుక్క. మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మొత్తం ప్రయాణం దాదాపు రెండు మీటర్లు.

ఆ వాలు దగ్గరే నా మనసు మొదట చిక్కుకుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే గుండు సెకనులో మూడింట రెండు వంతుల్లోపే నేల తాకుతుంది. కంటికి అందదు, చెవికి ఒక్క ధన్ అన్న చప్పుడే. గెలీలియో దాన్ని విలంబ కాలంలో నడిపించాడు. ద్రుతంలో జారిపోయే గమకం విలంబంలో మలుపు మలుపునా వినపడినట్టు, వాలు మీద పతనం తన నడకను విప్పి చూపించింది. అదే దూరం, నాలుగు సెకన్లకు పైగా. త్వరణం మారలేదా అంటే మారింది, తగ్గింది. కానీ స్వభావం మారలేదు. రాగం అదే, కాలప్రమాణం వేరు.

మరి ఆ నాలుగు సెకన్లను ఎనిమిది సమభాగాలు చేయడం ఎలా? సెకన్ల ముల్లున్న గడియారం ఆయనకు లేదు. డ్రేక్ ఊహ ఇక్కడ సంగీతంలోకి నడుస్తుంది. గెలీలియో తండ్రి విన్సెంజో ల్యూట్ విద్వాంసుడు, సంగీత శాస్త్రకారుడు. కొడుక్కీ ఆ వాద్యం చేతనవును. మన వీణ మెట్లు మైనంలో పొదిగి ఉంటాయి, కదలవు. ల్యూట్ మెట్లు పేగుతీగతో కట్టిన కట్లు, అటూ ఇటూ జరుపుకోవచ్చు. అలాంటి తీగల్ని బల్లకు అడ్డంగా కట్టి, గుండు దాటినప్పుడల్లా వచ్చే టక్కుమనే చప్పుడు తాను పాడే పాట దెబ్బతో కలిసేదాకా జరుపుతూ పోయాడట. దెబ్బకు దాదాపు అర సెకను. అన్నీ కలిశాక గుండును పక్కన పెట్టి, తీగల దూరాలు తీరిగ్గా స్కేలుతో కొలుచుకోవడమే. ఈ ఊహను అందరు చరిత్రకారులూ ఒప్పుకోరు. నాకైతే ఇందులోని ఒక్క సొగసు చాలు: కాలాన్ని ఆయన కొలవలేదు, సమం చేశాడంతే. తాళం తప్పితే కచేరీలో వెనక వరస ముసలాయన కూడా మొహం చిట్లిస్తాడు. ఎంత తప్పిందో చెప్పమంటే చెప్పలేడు, తప్పిందని మాత్రం ఖాయంగా చెబుతాడు. ఆ చెవే ఇక్కడి పరికరం.

ఇప్పుడు 33ను వరసగా 1, 4, 9, 16... 64తో గుణించి, కాగితం మీది సంఖ్యలతో పోల్చండి. సున్నా, రెండు తక్కువ, ఒకటి ఎక్కువ, రెండు తక్కువ, ఒకటి తక్కువ, నాలుగు ఎక్కువ, మూడు ఎక్కువ, ఎనిమిది తక్కువ. చివరికొచ్చేసరికి చెయ్యి తడబడినట్టుంది కదూ? లేదు. గుండు వేగం పెరుగుతూ వస్తోంది. రెండో దెబ్బ దగ్గర అది దెబ్బకు 132 చుక్కల వేగంతో వెళుతోంది, ఎనిమిదో దెబ్బ దగ్గర 528 చుక్కల వేగంతో. 132లో 2 ఎంతో, 528లో 8 అంతే: 66వ వంతు. అక్కడి రెండు చుక్కల లోటూ ఇక్కడి ఎనిమిది చుక్కల లోటూ చెవి చేసిన ఒకే పొరపాటు, నెమ్మదిగా పోయేచోట చిన్నదిగా, జోరుగా పోయేచోట పెద్దదిగా నీడ పడింది. మిగతా తేడాలన్నీ ఆ హద్దు లోపలే. దోషం కూడా వేగాన్నే పాడుతోంది! (మొదటి 33 సరైనదేనని ఒప్పుకుంటేనే ఈ లెక్క. అక్కడ అర చుక్క అటూ ఇటూ అయితే చివరికది 32 చుక్కలవుతుంది. అంత చిన్న కొలతను అంత బాగా పట్టడం మరో అబ్బురం.)

ఇంటర్మీడియట్ రోజుల్లో సాధారణ లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాలని మాకు ముందే తెలుసు. ఇరవై డోలనాల సమయాన్ని వెనక నుంచి లెక్కగట్టి రికార్డులో వేసేవాళ్లం. గ్రాఫులో ప్రతి చుక్కా సరళరేఖ మీద దారానికి గుచ్చిన పూసలా కూర్చునేది. పదికి పది మార్కులు. ఆ గ్రాఫు ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం లేని బొమ్మే. లోలకం దాన్ని ముట్టుకోలేదు.

గెలీలియో మాత్రం అలా తిన్నగా గమ్యం చేరలేదు. 1604 అక్టోబరులో పావొలో సార్పికి రాసిన ఉత్తరంలో, సమాన కాలాల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరసలో పెరుగుతాయని సరిగ్గానే చెప్పాడు. దానికి ఆధారంగా మాత్రం వేగం దాటిన దూరాన్ని బట్టి పెరుగుతుందన్నాడు, అది తప్పు. కాలాన్ని బట్టి పెరుగుతుందని తర్వాత దిద్దుకున్నాడు. వేగం అంటున్నా, మనలా దూరాన్ని కాలంతో భాగించేవాడు కాదు. యూక్లిడ్ సంప్రదాయంలో నిష్పత్తి ఒకే జాతి రాశుల మధ్యే కుదురుతుంది: దూరానికి దూరం, కాలానికి కాలం.

1638లో లైడెన్‌లో అచ్చయిన పుస్తకంలో వాలుబల్ల ప్రయోగాన్ని వర్ణించాడు. గాడికి నున్నటి తోలుకాగితం, నున్నగా గుండ్రంగా ఉన్న కంచు గుండు, సన్నని గొట్టంలోంచి కారిన నీటిని తూకం వేసి కాలం కొలవడం, నూరుసార్లు చేసి చూడటం, నాడి దెబ్బలో పదో వంతు కూడా తేడా రాకపోవడం. పేగుతీగల మాట అందులో లేదు, పాట మాట లేదు, ఈ ఎనిమిది సంఖ్యలూ లేవు.

కాగితం మీద మాత్రం, దూరాల వరసకు ఎడమపక్క ఇరుకైన జాగాలో 1, 4, 9, 16, 25, 36, 49, 64 ఉన్నాయి. సిరా తేడాగా ఉందనీ, ఆ వర్గాల వరసను తర్వాతెప్పుడో ఇరికించి రాశాడనీ డ్రేక్ గమనించాడు.