బ్రష్ డ్రిల్లు, బ్రష్‌లెస్ డ్రిల్లు: ట్రిగ్గర్ మార్చేవాడి వైపు నుంచి

బ్యాటరీ డ్రిల్లు కొనబోతే అంగడిలో చెప్పే లెక్కలన్నీ మోటారు గురించే. ఎన్ని వోల్టులు, ఎంత టార్క్, బ్రష్ ఉన్నదా లేనిదా. ఆ లెక్కల్లో బ్రష్‌లెస్సే గెలుస్తుంది, గెలవడం న్యాయమే. బ్రష్‌ల, అంటే కార్బన్ల, రాపిడి ఉండదు, వేడి తక్కువ, అదే బ్యాటరీ మీద ఎక్కువసేపు నడుస్తుంది. కానీ రోజూ వాడే డ్రిల్లులో మోటారు బాగానే ఉండి ట్రిగ్గర్ స్విచ్ ముందుగా పోవడం మామూలు. ఆ స్విచ్ మార్చడం ఎంత సులువు అనే కొలతతో రెండు రకాలనూ పక్కపక్కన పెడితే తీర్పు మారుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆ కొలతే ముఖ్యమని నా వాదన.

ఎందుకంటే ఇక్కడ ఆ స్విచ్ పడే పాట్లు వేరు. హార్స్లీ హిల్స్ దిగువ టమోటా పొలాల్లో డ్రిప్ వేసేటప్పుడు సబ్‌మెయిన్ పీవీసీ పైపుకు వరుసకో రంధ్రం వేసి, రబ్బరు గ్రామెట్ దూర్చి, టేకాఫ్ బిగించి మొక్కల వరుసకు నీళ్లిచ్చే సన్న పైపు, అంటే లేటరల్, తగిలిస్తారు. కరెంటేమో బోరు దగ్గర స్టార్టర్ పెట్టెలో, పైపేమో గట్టు అవతల. అందుకే బ్యాటరీ డ్రిల్లు. గుండ్రటి పైపు మీద బిట్ జారకుండా ఉండాలంటే మొదట మెల్లగా తిప్పాలి, పట్టు దొరికాక వేగం పెంచాలి. రంధ్రం వంకరపోతే గ్రామెట్ పక్కనుంచి నీళ్లు కారుతాయి. అంటే ట్రిగ్గర్ మొదటి సగం మీదే వేలు రోజంతా ఆడుతుంది, అరుగుదలా అక్కడే. కుప్పం వైపు గ్రానైట్ పని జరిగే చోట ఇంకో బాధ: సన్నటి రాతిపొడి పిడి సందుల్లోంచి దిగి కాంటాక్టుల మధ్య కూర్చుంటుంది.

బ్రష్ డ్రిల్లులో స్విచ్ దానికదే ఒక చిన్న యంత్రం. ట్రిగ్గర్ వెనుక కార్బన్ పూత ఉన్న పట్టీ మీద ఒక లోహపు ముక్క జారుతుంది. అది ఎంత దూరం జారిందో చూసి లోపలి చిప్, ఎలక్ట్రానిక్ స్విచ్‌గా పనిచేసే మోస్‌ఫెట్‌ను సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉండే వాటా పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది. చివరికంటా నొక్కితే చాలా స్విచ్‌లలో వేరే కాంటాక్ట్ కలిసి, మోస్‌ఫెట్‌తో పని లేకుండా బ్యాటరీని నేరుగా మోటారుకు ఇచ్చేస్తుంది. వదలగానే మరో కాంటాక్ట్ మోటారు రెండు తీగలనూ కలిపేస్తుంది. తిరుగుతున్న మోటారు అప్పుడు జనరేటరై, తను పుట్టించిన కరెంటుతోనే ఆగిపోతుంది. పైన ముందుకూ వెనక్కూ తిప్పే మీట సరేసరి.

పనులు ఇలా విడివిడిగా ఉన్నాయి కాబట్టి జబ్బు కూడా విడివిడిగా బయటపడుతుంది. మెల్లగా తిరగక, పూర్తిగా నొక్కితేనే తిరుగుతోందంటే పట్టీ అరిగిందనో మోస్‌ఫెట్ దారి మూసుకుపోయిందనో అర్థం. వేలు తగలగానే పూర్తి వేగం అందుకుంటే మోస్‌ఫెట్ షార్ట్ అయింది. వదిలినా చక్ చాలాసేపు తిరుగుతుంటే బ్రేక్ కాంటాక్ట్ కాలింది. అసలు తిరగకపోతే మాత్రం స్విచ్‌ను అనుమానించే ముందు కార్బన్లు చూడాలి. అవి అరిగినా లక్షణం అదే. బ్యాటరీ నుంచి తీగలు తెచ్చి మోటారుకు నేరుగా తాకిస్తే, తిరిగిందా, దోషం స్విచ్‌దే. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో మల్టీమీటర్‌తో తేలిపోయే పని ఇది.

మార్చడమూ అంతే. బ్యాటరీ తీసేసి, స్టార్ స్క్రూలు విప్పి, చిప్ప తెరవగానే తీగల వరుసా మీట కూర్చున్న తీరూ సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. మోటారుకు రెండు తీగలు, బ్యాటరీ టెర్మినల్‌కు రెండు. తీగలు లావు కాబట్టి వేడిని లాగేసుకుంటాయి, 25 వాట్ల ఐరన్‌తో సోల్డర్ సరిగా పట్టదు, 60 వాట్లది కావాలి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. షాపులో పడివున్న కరెంటు డ్రిల్లు స్విచ్‌ను దీనికి అతికించకూడదు. 230 వోల్టులను ఆపేది 18 వోల్టులను ఆపలేదా అనిపిస్తుంది. ఆపలేదు. 750 వాట్ల కరెంటు డ్రిల్లు తీసుకునేది మూడు ఆంపియర్ల పైచిలుకు. 18 వోల్టుల మీద 360 వాట్ల పని చేయాలన్నా 20 ఆంపియర్లు పారాలి. పైగా ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి కాంటాక్టుల మధ్య మెరుపును తానే ఆర్పుకుంటుంది. డీసీకి ఆ విరామం లేదు, కాంటాక్టులు కాలిపోతాయి. ఆన్‌లైన్‌లో 7.2 నుంచి 24 వోల్టులని రాసి అమ్మే స్విచ్‌లు వేరు, అవి డీసీవే. వాటిలో ఆంపియర్లు, బ్రేక్ ఉందా లేదా, పిడిలో సరిపోయే ఆకారం, ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఇక బ్రష్‌లెస్. చాలా మోడళ్లలో ట్రిగ్గర్ కబురు మోసేది మాత్రమే. సన్నటి తీగల్లో సంకేతం పంపితే, బోర్డు మీది ఆరు మోస్‌ఫెట్లు మోటారు చుట్లకు వంతులవారీగా కరెంటు ఇస్తాయి. పెద్ద కరెంటు స్విచ్‌లోంచి పారనప్పుడు కాంటాక్టులు కాలే బెడద తక్కువ. ఇది నిజమైన మేలు, ఒప్పుకోవాలి. కానీ చెడితే చాలావరకు లక్షణం ఒక్కటే: మౌనం. స్విచ్ పోయినా, మోటారు సెన్సర్ పోయినా, బ్యాటరీ కబురు అందకపోయినా బోర్డు ఒకే తీరుగా ఆగిపోతుంది. తెరిచి చూస్తే చాలాసార్లు బోర్డు జిగురు పోతలో మునిగి ఉంటుంది, తీగలు మోటారు చుట్లకు సోల్డర్ అయి ఉంటాయి. స్విచ్, బోర్డు, మోటారు కలిపి ఒకే స్పేర్‌గా అమ్మే మోడళ్లున్నాయి. పట్టీ మీద పూత అరిగినందుకు బాగున్న మోటారును పారేయడం నాకు మింగుడుపడదు. నాణ్యమైన వస్తువును తయారుచేసి, దాని ఆయుష్షును అందులోని అతి చవక భాగానికి ముడిపెట్టడం ఇది.

అయితే ఈ తప్పు బ్రష్‌లెస్ సాంకేతికతది కాదు, కూర్పుది. స్విచ్‌ను చిన్న ప్లగ్‌తో బోర్డుకు కలిపితే మార్చడానికి సోల్డరింగ్ ఐరన్ కూడా అక్కర్లేదు, బ్రష్ డ్రిల్లు కన్నా సులువు. ఇలాంటి కూర్పు కోసం ప్రభుత్వాలూ అడుగులేస్తున్నాయి. ఫ్రాన్స్ 2021 నుంచి కొన్ని వస్తువుల మీద మరమ్మతుకు పదికి ఇన్ని మార్కులని ముద్రించమంది. గడ్డి కోసే కరెంటు మిషన్ అందులో ఉంది. విడిభాగాల లభ్యతకూ ధరకూ మార్కులుంటాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలున్నాయి. డ్రిప్ పైపుకు రంధ్రాలు వేసే డ్రిల్లునూ ఆ లెక్కలో చేర్చాలి.

అందాకా కొనే రోజునే అడగాలి. ఈ మోడల్ స్విచ్ విడిగా దొరుకుతుందా, ఎంతకు? బ్రష్‌లెస్ అయితే స్విచ్ బోర్డుకు ప్లగ్‌తో కలుస్తుందా, సోల్డర్‌తోనా? ప్లగ్ అని ఖాయంగా చెప్పగలిగితే బ్రష్‌లెస్సే కొనమంటాను. చెప్పలేకపోతే డ్రిప్ పనికి బ్రష్ డ్రిల్లే, దాంతోపాటు ఒక స్పేర్ స్విచ్.