కొత్త ఇనుము, పాత పనితనం

‘నలభై ఆరు కిలోమీటర్లకు ఐదు గంటలా?’ అంటూ ఈ వారం ఒక వీడియోలో ఊటీ రైలు మీద విసుక్కున్న కుర్రాణ్ని చూసి ఈ కాలమ్‌కు చిర్రెత్తుకొచ్చింది. బండి బయలుదేరే మేట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ 2,203 మీటర్ల మీద ఉంది. కల్లారు దాటాక దారి దాదాపు పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తుంది. అంత ఏటవాలులో మామూలు చక్రానికి పట్టు దొరకదు.

అందుకే స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ పద్ధతి వాడారు. పట్టాల నడుమ రెండు పళ్ల కడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని పన్ను దగ్గర రెండోదానికి సందు వస్తుంది. ఇంజన్ కింది పళ్ల చక్రాలు వాటిని పట్టుకుని ఎక్కుతాయి. ఒక పన్ను వదిలే క్షణానికి మరొకటి పట్టులోనే ఉంటుంది. ఇంజన్ పెట్టెల ముందు ఉండదు, దిగువ నుంచి నెడుతుంది. ఒక్కో పెట్టె మీద ఒక్కో బ్రేక్స్‌మన్ నిలబడి, ఇంజన్ కూత విని బ్రేకు వేస్తాడు, వదులుతాడు. హిల్‌గ్రోవ్‌లో ఆగి నీళ్లు పట్టుకోవాలి. ఇన్ని చేతులు కలిస్తేనే బండి కొండెక్కుతుంది.

1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా నడిచిన ఈ లైను 2005లో యునెస్కో జాబితాకెక్కింది.

పాతవాటిని పాతగానే ఉంచాలన్నది ఈ కాలమ్ పాత పాటే. పాఠకులకు కంఠతా వచ్చు. ఆ లెక్కన స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తుర్‌లో ఈ లైను కోసం చేసిన ఎక్స్ క్లాస్ ఇంజన్లే అసలువి, మిగతావి నకళ్లు అనాలి. కానీ 2011లో తిరుచ్చి పొన్మలై వర్క్‌షాప్ అదే తరహా ఇంజన్‌ను బొగ్గుకు బదులు ఆయిల్‌తో నడిచేలా కొత్తగా కట్టింది. బాయిలర్ బిగించడం, నాలుగు సిలిండర్లను కుదర్చడం, పళ్ల చక్రాన్ని కడ్డీకి సరిపెట్టడం ఈ కాలపు కార్మికుల చేతికి వచ్చాయి. అద్దాల గదిలో పెట్టిన పాత ఇంజన్ ఆ పని నేర్పలేదు.

బొగ్గా, ఆయిలా అన్న తగువు ఇక్కడ చిన్నది. కూనూరు నుంచి ఊటీ దాకా ఇప్పటికే డీజిల్ ఇంజన్లు నడుస్తున్నాయి. దిగువ భాగాన్ని మాత్రం రైల్వే ఆవిరికే ఉంచాలి. పొన్మలైలో ఆ పని తెలిసినవాళ్ల పక్కన కొత్తవాళ్లను కూడా నిలబెట్టాలి.